తోడు టోపీ

భీమిలిలో ఇప్పుడు ఏ ఇంట్లోనైనా స్ట్రోక్ వచ్చిన మనిషి ఉంటే, పరామర్శకి వచ్చినవాళ్ళు ముందు గోడకేసి చూస్తారు. మనిషికేసి చూడడం ఆ తర్వాత సంగతి. గోడ మీద పటం ఎర్రగా కళకళలాడుతుంటే "అబ్బో, బాగా తేరుకున్నాడే!" అని మంచం పక్కన కుర్చీ లాక్కుంటారు. ఎరుపు పలచబడితే పెదవి విరుస్తారు. బూడిదరంగు కనిపించిందా, ఇక ఆ మనిషిని పలకరించే పనే పెట్టుకోరు. ఇంట్లోవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడి, ఇచ్చిన కాఫీ తాగి, చెప్పులేసుకుని వెళ్ళిపోతారు.

ఇది 2081. ఆ పటాన్ని జనం నెత్తుటిపటం అంటారు. దాన్ని గీసే యంత్రం పేరు ధారాదర్శిని. ముద్దుగా ధార. దాన్ని కనిపెట్టిన డాక్టర్ నిహారిక ఆ మధ్యాహ్నం సొంత అన్నయ్య ఇంట్లో, తన యంత్రం ఎదురుగానే, కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతోంది. సముద్రం మీంచి వేడిగాలి కొడుతోంది. వంటింటి తలుపు ఊరికే కొట్టుకుంటోంది. దాన్ని వేయడానికి రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ మధ్యలో గోడ చూసుకుంటూ ఆ సంగతి మర్చిపోయింది.

రేపు పొద్దున్నే అన్నయ్యకి మెదడు ఆపరేషన్. ఆయన వద్దంటున్నాడు. ఆయన వద్దంటే చెల్లదు. ఎందుకు చెల్లదో తెలియాలంటే ఈ యంత్రం సంగతి కాస్త చెప్పాలి.

మెదడుకి తిండి దాచుకునే అలవాటు లేదు. ఏ మూల పని మొదలైతే ఆ మూలకి అప్పటికప్పుడు నెత్తురు పరుగెత్తాలి. కాబట్టి నెత్తురు ఎటు పోతోందో కనిపెడితే మెదడులో ఏ భాగం పనిచేస్తోందో, ఏది పడుకుందో తెలిసిపోతుంది. పూర్వం దానికి మనిషిని ఎమ్మారై గొట్టంలోకి తోసి, కదలకు, మెదలకు అని బెదిరించేవారు. నిహారిక ఆ విద్యని గొట్టంలోంచి బయటికి లాగి ఇంటి హాల్లోకి తెచ్చింది. వలలాగా అల్లిన ఒక టోపీ. దాని పోగుల్లో వెంట్రుకంత సన్నటి అల్ట్రాసౌండ్ సెన్సర్లు. వాటికి కేశశ్రోత్రాలు అని తనే పేరు పెట్టింది. పుర్రె లోపల రక్తనాళాల చప్పుడు విని గోడ మీద బొమ్మ గీస్తాయవి.

అయితే ఒక చిక్కుంది. నిద్ర చాలకపోయినా, కోపమొచ్చినా, కాఫీ ఎక్కువైనా నెత్తురు దారి మారుతుంది. అందుకని కొలవడానికి పక్కన ఒక ఆరోగ్యవంతుడు ఉండాలి. అదే గది, అదే మాట, అదే వేళ. రోగికొక టోపీ, రక్తసంబంధీకుల్లో ఒకరికి తోడు టోపీ. ఎడమ చెవి వెనక, మాటకి అర్థం తయారయ్యే చోటుని నిహారిక గ్రహణ మండలం అంది. ఒక మాట నడుస్తుండగా చెప్పేవాడికీ వినేవాడికీ ఇద్దరికీ అక్కడ నెత్తురు పెరగాలి. తోడు మనిషిని నూరు అనుకుని రోగికి మార్కులేస్తుంది ధార. వరసగా మూడుసార్లు అరవైకి తగ్గితే, చట్టం ప్రకారం ఆ మనిషికి నిర్ణయార్హత పోయినట్టే. ఆయన అవునన్నా చెల్లదు, వద్దన్నా చెల్లదు. తోడు టోపీ పెట్టుకున్నవాళ్ళ మాటే ఆయన మాట. ఆ చట్టం రాసిన కమిటీలో నిహారిక కూడా ఉంది.

అన్నయ్య పేరు ప్రద్యుమ్న. అలలతో కరెంటు తీసే కేంద్రంలో ఇంజనీరుగా చేశాడు. వాదనకి దిగితే అవతలివాళ్ళు దండం పెట్టి లేచిపోవాల్సిందే గాని ఆయన ఆపేవాడు కాదు. స్ట్రోక్ వచ్చిన గంటలోనే నాళంలో అడ్డుపడ్డ గడ్డని తీసేశారు. పెద్ద స్కాన్లో ఎక్కడా మచ్చ లేదు. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. మాటే పట్టి పట్టి వస్తోంది. నోటిదాకా వచ్చిన మాట వెనక్కి పోతుంది, ఆయన దాని వెనక పడతాడు, అది చిక్కేసరికి చెమటలు పడతాయి. ఆస్పత్రిలో పటం బాగుంది. ఇంటికొచ్చాక మొదటిసారి కూడా బాగుంది. ఆ తర్వాత ఏమైందో ఏమో, చూసినప్పుడల్లా దిగజారుతూ వచ్చింది. ఇలాగే వదిలేస్తే తెలివే మిగలదన్నాడు సర్జన్. నాళాల్లో సూక్ష్మ పంపులు దించి నెత్తురు తోయిస్తే నిలబడొచ్చన్నాడు. బెడిసికొడితే ఈ మిగిలిన మాట కూడా పోతుందనీ చెప్పాడు. నిహారిక వారంపాటు అన్నం సయించక తిరిగి, చివరికి సరేనని అనుమతి ఇచ్చింది.

"అన్నయ్యా, వచ్చి కూర్చో. ఇదే ఆఖరిసారి. ఇంక విసిగించను."

ప్రద్యుమ్న కిటికీ దగ్గర్నించి కదల్లేదు. "వద్దు."

"ఏది వద్దు? ఇదా? రేపటిదా?"

ఆయన పెదవులు కదిలాయి. "ఆ... ఆప..."

"ఆపరేషన్. తెలుసులే. కూర్చుని చెబుదువుగాని రా."

వదిన శ్రావ్య ఆయన్ని చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. టోపీలు పెట్టడం ఈ ఇంట్లో మొదటినుంచీ ఆవిడ పనే. మొగుడికి పెట్టి, చెవుల దగ్గర సర్ది, తర్వాత ఆడపడుచు వెనక్కి వచ్చి "తల వంచమ్మా" అంది. నిహారిక గోడ మీంచి కళ్ళు తిప్పకుండానే తల వంచింది.

గోడ మీద రెండు పటాలు వెలిగాయి. ఎడమవైపు రోగిది, కుడివైపు తోడుది. కుడిపటం ఎప్పటిలాగే నిండుగా, నిలకడగా ఉంది. ఆ పటమంటే నిహారికకి లోలోపల గర్వం. ఇన్ని వేల ఇళ్ళలో ఇంత చక్కటి తోడు పటం ఇంకోటి రాలేదు. ఆరోగ్యమైన మెదడు ఇలా ఉండాలి అని దాన్నే చూపించి ఢిల్లీలో పాఠం కూడా చెప్పొచ్చింది.

"ఇప్పుడు చెప్పు. ఎందుకొద్దు?"

"నాకు..." ప్రద్యుమ్న గాలి పీల్చుకున్నాడు. "నాకు తెలు... తెలుస్తోంది. నువ్వు... చెప్పేది..."

ఎడమపటంలో చెవి వెనక ఎరుపు పలచబడడం మొదలైంది.

"...అంతా. పంపులు. నెత్తురు. మాట... పోతుందేమో అని... కూడా. తెలిసే... వద్దంటున్నా."

"ధారా, ఎంత?"

"నలభై ఒకటి, డాక్టర్. కిందటిసారి కంటే ఏడు తక్కువ," అంది ధార. ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు, తొణకని గొంతు.

"చూశావా అన్నయ్యా?" నిహారిక గోడకేసి వేలు చూపించింది. "నీకు తెలుస్తున్నట్టు అనిపిస్తుంది. అంతే. ఈ జబ్బులో అందరికీ అలాగే అనిపిస్తుంది. నేనున్నాను కదా, నీ మంచికే కదా..."

"నిహా!"

"భయపడకు. సర్జన్ చాలా..."

"నిహా... నా మాట..."

"అలాగేలే. అంతా అయిపోయాక తీరిగ్గా చెబుదువుగాని."

ప్రద్యుమ్న మొహం కందగడ్డలా అయింది. ఏదో అనబోయాడు, మాట రాలేదు. రాని మాట మీద కోపమో, చెల్లెలి మీద కోపమో, రెండు చేతులతో టోపీ పీకి మూలకి విసిరికొట్టాడు.

గోడ మీద ఒక పటం ఆరిపోయింది.

ఆరింది కుడివైపుది. నిహారిక పటం. ఎడమవైపు రోగి పటం బూడిదరంగులో అలాగే కొట్టుకుంటోంది.

"ధారా, తోడు పటం ఏమైంది?"

"తోడు టోపీ ఎవరి తల మీదా లేదు, డాక్టర్."

"ఇదేమిటి మరి?" నిహారిక నెత్తి తడుముకుంది. "నా తల మీదే ఉందిగా!"

"మీ తల మీద ఏముందో నేను చూడలేను. టోపీలనే గుర్తుపడతాను, తలలను కాదు. ఇప్పుడు పనిచేస్తున్నది రోగి టోపీ ఒక్కటే."

నిహారిక మెల్లిగా టోపీ తీసింది. ఎడమపటం ఆరిపోయింది. మళ్ళీ పెట్టుకుంది. వెలిగింది. మళ్ళీ తీసింది. టోపీని తిరగేసి చూస్తే లోపలంతా తెల్లటి నూలుగుడ్డ, చుట్టూ సన్నటి కుట్టు. తను చేయించిన టోపీలో ఈ గుడ్డ లేదు. గోరుతో కుట్టు విప్పింది. కింద మెత్తటి పట్టు అస్తరు, దాని అంచున 'రోగి' అన్న ముద్ర.

"వదినా! ఈ టోపీలు నువ్వు మార్చావా?"

"మార్చడమేటమ్మా?" శ్రావ్య బెదిరిపోయింది. "మొదటిసారి ఇంటికాడ పెట్టుకున్న రోజు నీ నుదురు అద్దంలో చూసుకున్నావా? ఆ గరుకు వల అచ్చంతా దిగిపోయి, బొట్టు చెరిగిపోయి, చూడలేకపోయేను. మీ అన్నయ్యదేమో లోపల పట్టు వేసి మెత్తగా ఉంది. ఇంటికొచ్చిన ఆడపడుచుకి గరుకుది పెట్టి మెత్తంది మేం ఉంచుకుంటామా? మా అత్తగారుంటే నన్ను బతకనిచ్చునా?"

"అన్నయ్యకి గుచ్చుకోలేదా మరి?"

"గుచ్చుకోదేటి? అందుకే దానికి లోపల గుడ్డేసి కుట్టీసేను. ఒకదానికేసి ఒకదానికి ఎయ్యపోతే బాగోదని రెండిటికీ వేసీసేను."

నిహారిక తల పట్టుకుని కూర్చుంది. టోపీ మెత్తగా తగులుతోందని తనకీ తెలుసు. తలకి అలవాటు పడిందనుకుంది. "ఇంత పని చేసి నాతో ఒక్కమాట చెప్పకూడదా వదినా?"

"అయ్యో, చెప్పేను కదమ్మా! కుట్టిన రోజే చెప్పేను. ఇదిగో, ఇక్కడే నిలబడి చెప్పేను. నువ్వు గోడకేసి చూస్తూ 'ఆఁ ఆఁ, అలాగే వదినా' అన్నావు."

నిహారిక గుర్తు తెచ్చుకోవడానికి చూసింది. ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు.

అంటే ఢిల్లీలో చూపించిన ఆ నిండు పటం అన్నయ్యది. ఈ బూడిద తనది. మొదట భయమేసింది, తనకి కూడా లోపల ఏదో మొదలైందేమోనని. "ధారా, ఎడమపటం మొదటినుంచీ తీసి చెప్పు. ఈ మెదడులో జబ్బుందా?"

"లేదు. నాళాలు శుభ్రంగా ఉన్నాయి. మీరు నాతో మాట్లాడేటప్పుడు గ్రహణ మండలం బాగా వెలుగుతోంది. సర్జన్‌తో మాట్లాడినప్పుడూ అంతే. శ్రీ ప్రద్యుమ్న మాట్లాడినప్పుడు మాత్రం మొదటి రెండు మాటలకి వెలిగి ఆరిపోతోంది."

"నేను వింటూనే ఉన్నానే!"

"ఆ సమయంలో చూపుకి సంబంధించిన భాగంలో నెత్తురు ఎక్కువగా ఉంది. మీరు నన్ను చూస్తున్నారు."

శ్రావ్యకి ఈ మాటల్లో సగం అర్థం కాలేదు గాని, మొగుడి మొహంలో ఏదో మారిందని తెలిసి ఆయన పక్కకి చేరింది. ప్రద్యుమ్న చెల్లెలికేసి చూస్తున్నాడు.

నిహారికకి ఇంకో అనుమానం వచ్చింది. అది అడగకుండా ఉంటేనే హాయి. కానీ ఆవిడకి ఆగే బుద్ధి ఎక్కడిది? "ధారా, మిగతా ఇళ్ళల్లో? తోడు పటాలు ఇలా మసకబారడం ఎక్కడైనా ఉందా?"

"దాదాపు అన్ని ఇళ్ళల్లో ఉంది, డాక్టర్. మొదటి నెల బాగుంటాయి. తర్వాత రోగి నోరు తెరవగానే మసకబారతాయి."

"మరి ఒక్క నివేదికలోనూ రాలేదేం?"

"తోడు మనిషి ఆరోగ్యవంతుడు కాబట్టి అతని పటం మసకబారడం నాయిస్, ఉత్త రొద అనీ, ఆ క్షణాలు లెక్కలోంచి తీసెయ్యమనీ మీరే ఆదేశించారు. తీసేస్తున్నాను. ఇక్కడ టోపీలు మారాయి కాబట్టి ఆ మసక రోగి లెక్కలో పడింది. రోగి లెక్కలో ఏదీ తీసెయ్యకూడదని కూడా మీరే చెప్పారు."

వేడిగాలికి తలుపు మళ్ళీ టప్పున కొట్టుకుంది. నిహారిక ఉలిక్కిపడి లేచింది. ముందు కావలసింది రేపటి ఆపరేషన్ ఆపడం. మిగతా ఏడుపులన్నీ తర్వాత ఏడవొచ్చు.

"ధారా, ఆపరేషన్‌కి నేనిచ్చిన అనుమతి రద్దు చెయ్యి. ఇప్పుడే."

"మన్నించండి, డాక్టర్. మీరు రద్దు చెయ్యలేరు."

"ఎందుకు చెయ్యలేను? ఇచ్చింది నేనే కదా!"

"పటాలు ఇప్పుడు సరైన పేర్ల మీదకి మార్చాను. వరసగా మూడుసార్ల కంటే ఎక్కువే అరవైకి దిగువ వచ్చింది మీకు. నిబంధన ప్రకారం మీకు నిర్ణయార్హత లేదు. మీ అవునూ చెల్లదు, మీ వద్దూ చెల్లదు."

"పిచ్చిపిచ్చిగా మాట్లాడకు! నేను మామూలుగానే ఉన్నాను. నాకన్నీ తెలుస్తున్నాయి."

"అలా అనిపించడాన్ని రుజువుగా తీసుకోకూడదని నిబంధనలో ఉంది," అంది ధార, ఎంతో మర్యాదగా.

ఇంతసేపూ అన్నయ్యకి పట్టిన గతే ఇప్పుడు నిహారికకి పట్టింది. ఎంత గట్టిగా చెప్పినా అవతలివాళ్ళ చెవికెక్కకపోతే ఒళ్ళు ఎలా మండుతుందో మొదటిసారి తెలిసింది.

"మరి ఎవరి మాట చెల్లుతుంది?"

"శ్రీ ప్రద్యుమ్న మాట. ఇంతకాలం నూరుగా తీసుకున్నది ఆయన పటాన్నే."

శ్రావ్య గబగబా మూలకెళ్ళి టోపీ తెచ్చి, దుమ్ము దులిపి, మొగుడి నెత్తిన పెట్టింది. కుడిపటం నిండుగా వెలిగింది. దాని కింద పేరు మారి ఉంది.

"శ్రీ ప్రద్యుమ్నా, రేపటి శస్త్రచికిత్స మీకు సమ్మతమేనా?"

ఆయన తొందరపడలేదు. గొంతు సవరించుకున్నాడు. "వద్దు."

"నమోదైంది. రద్దు చేశాను. ఆస్పత్రికి కబురు వెళ్ళింది."

అంతే. ఒక్క మాటతో తేలిపోయింది. శ్రావ్య చెంగు నోట్లో కుక్కుకుని వెక్కుతూ మొగుడి భుజం మీద వాలిపోయింది. ఆయన ఆవిడ వీపు నిమురుతూ కూర్చున్నాడు.

"ఇంకొక విషయం," అంది ధార. "డాక్టర్ నిహారికకి దగ్గరి రక్తసంబంధీకులు మీరే కాబట్టి ఇకమీదట ఆమె నిర్ణయాలు మీరే చెయ్యాలి. ఆమె గ్రహణ మండలానికి సూక్ష్మ పంపుల చికిత్స సిఫార్సు చెయ్యమంటారా?"

ప్రద్యుమ్న చెల్లెల్ని ఎగాదిగా చూశాడు. చాలా రోజుల తర్వాత ఆయన కళ్ళల్లో పాత కొంటెతనం కనిపించింది. "చూ... చూద్దాం," అన్నాడు. శ్రావ్య ఏడుస్తూనే ఫక్కున నవ్వేసింది. టీ పెట్టుకొస్తానని లోపలికెళ్ళి, వెళ్తూ వెళ్తూ ఆ తలుపు గట్టిగా వేసింది.

నిహారికకి నవ్వు రాలేదు. కుర్చీ లాక్కుని అన్నయ్య ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది వద్దన్నవి ఇలా గోడకి కొట్టుకుని పడిపోయాయో రేపు లెక్క తీయాలి. కమిటీ ముందు నిలబడాలి. అదంతా రేపు. ఒక్కసారన్నా సరిగ్గా కొలిచినట్టుంటుందని చేతిలో ఉన్న టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకుంది.

"నన్ను క్షమించు అన్నయ్యా. చెప్పు. ఎంతసేపైనా సరే, వింటాను."

ఆయన నమ్మాలా వద్దా అన్నట్టు చూసి, అప్పుడు నోరు విప్పాడు.

"మాట... దొరుకుతుంది నిహా. ఆలస్యంగా. అది దొరికేసరికి... మీరంతా... వేరే మాటలో ఉంటారు."

ఆమె ఇంకాస్త ముందుకి వంగింది.

"నేను... దాన్ని పట్టుకుని... నిలబడతాను. ఎక్కడ పెట్టాలో... తెలీదు."

మధ్యలో ఆగిన చోటల్లా నిహారిక నాలుక చివరిదాకా మాట వచ్చింది. అందించబోయి, పళ్ళు బిగబట్టి మింగేసింది. ఆయనే వెతుక్కుని, ఆయనే తెచ్చుకుంటున్నాడు.

"మీ వదిన... నన్ను చూస్తుంది. అర్థం... కాకపోయినా చూస్తుంది. నువ్వు... అర్థం చేసుకోడానికి... వచ్చి... ఒక్కసారీ చూడలేదు. చిన్నప్పుడు... ప్రతిదీ అడిగేదానివి. నా... నోట్లోంచి మాట... ఊడిపడేదాకా... నా మొహమే చూసేదానివి."

నిహారిక కళ్ళవెంట నీళ్ళు ధారగా కారిపోయాయి. తుడుచుకోలేదు. ఆయన మొహంలో ఇన్ని ముడతలు ఎప్పుడొచ్చాయో తెలియదు. మాట కోసం వెతికేటప్పుడు ఎడమ కనుబొమ్మ పైకి లేస్తోంది, దొరకగానే దిగుతోంది. నెలల తరబడి ఎదురుగా కూర్చుని ఇది చూడనేలేదు. ఆయన మాట ఒక్కొక్కటే వచ్చి తన లోపల కూర్చోవడం తెలుస్తోంది. వింటున్నాను, అనుకుంది. దేవుడా, నిజంగా వింటున్నాను. ఒళ్ళు తేలికైంది.

"మొన్న... సర్జన్ వచ్చినప్పుడు... నేను..." ఆయన కనుబొమ్మ లేచింది. మాట కోసం వెతుకుతున్నాడు.

ఇంత బాగా వింటున్నప్పుడు గ్రహణ మండలం ఎలా వెలుగుతూ ఉంటుందో! ఎనభై దాటి ఉంటుందా? ఒక్క క్షణం. ఆయన మాట వెతుక్కునే లోపలే. నిహారిక కళ్ళు మెల్లిగా జారి, అన్నయ్య భుజం మీదుగా గోడకేసి వెళ్ళాయి.

ప్రద్యుమ్న ఆగిపోయాడు. వెనక్కి తిరిగి గోడ చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు. ఆయనకి కావలసిన మాట ఈసారి తొందరగానే దొరికింది.

"ఎంతొచ్చింది?" అని అడిగాడు.